దిగినప్పుడల్లా ఒక పౌండు

నలభై తొమ్మిదేళ్ళకి
రెండు చక్రాల మీద కూర్చోవడం నేర్చుకున్నాను.
షెఫీల్డ్‌లో, మూతబడ్డ ఒక కొట్టు వెనక కారు పార్కింగులో,
ఆదివారం ఉదయం ఆరింటికి,
ఎవరూ చూడని వేళ.
చూసింది ఒక నక్క మాత్రమే.
చెత్తబుట్ట దగ్గర ఆగి, నా వంక చూసి,
తన పని తను చూసుకుంది.

సైకిలు పాతది. మా వార్డు పోర్టరు గారెత్ ఇచ్చాడు,
"బ్రేకుల్ని నమ్మకు, కొత్తవి వేయించు" అని చెప్పి మరీ.
హెల్మెట్‌లో నా ముడి పట్టలేదు.
ఇరవై ఏళ్ళ తర్వాత జడ వేసుకున్నాను.
మెత్త కుట్టిన లాగు తొడుక్కుంటే
పసిపిల్లకి గుడ్డ చుట్టినట్టుంది,
అద్దం ముందు ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

సెప్టెంబరులో అరవై మైళ్ళు తొక్కాలి.
ఎందుకంటే, రాత్రి పదకొండుకి డయాలసిస్ అయ్యాక
మిసెస్ డూలీ వరండాలో కూర్చుని
పర్సులో చిల్లర లెక్కపెట్టుకుంటుంది,
టాక్సీకి సరిపోతుందా అని.
ఒకసారి లెక్క తప్పి మళ్ళీ మొదట్నించీ మొదలుపెట్టింది.
మాకొక వ్యాను కావాలి.
అంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు.

హాల్డన్ రోడ్డు, కింద నుంచి చూస్తే, రోడ్డు కాదు.
గోడకి ఆనించిన నిచ్చెన.
దానికి పదకొండు దీపస్తంభాలు.
మే నెల మొదటి వారం రెండో స్తంభం దగ్గర దిగాను.
రెండో వారం కూడా రెండే.
మూడో వారం వాన.
తడిగుడ్డతో తుడిచిన పలకలా రోడ్డు,
దాని మీద సున్నాలు చుట్టడం చేతకాని పిల్లలా
వంకర్లు పోయింది నా చక్రం.
గేరు మారుస్తుంటే
ఒత్తు పలకలేని నాలుకలా గొలుసు తడబడి
కటక్కుమని ఊడింది.
నూనె చేతుల్తోనే కళ్ళు తుడుచుకున్నాను.
చెమటే అనుకోండి.

ఐదో స్తంభానికి ఎదురిల్లు మిస్టర్ ఓల్డ్‌రాయిడ్‌ది.
ఉక్కు కొలిమిలో పనిచేసిన మనిషి, ఎడమ చెవి వినపడదు.
టీ తాగుతూ కిటికీలోంచి
ప్రతి వారం నా సినిమా చూస్తున్నాడని
జూన్‌లో గానీ తెలియలేదు,
ఇంటి చెప్పులతోనే వానలోకి వచ్చి
చందా కాగితం అడిగే దాకా.
అందరూ మైలుకి ఇంత అని రాశారు.
ఆయన రాసింది వేరు:
"దిగినప్పుడల్లా ఒక పౌండు.
కానీ మళ్ళీ ఎక్కితేనే."

ఆ తర్వాత దిగడానికి సిగ్గనిపించలేదు.
దిగి, రొప్పి, ఆయన వైపు చూపుడు వేలు ఎత్తి,
మళ్ళీ పెడలు మీద కాలు వేసేదాన్ని.
ఆయన అద్దం మీద నోటితో ఊది
ఆ ఆవిరిలో ఒక గీత గీసేవాడు.
చందాల్లో అందరికంటే ఎక్కువ
నా ఓటమే సంపాదించింది.

ఆగస్టు రెండో ఆదివారం
ఎలా జరిగిందో తెలీదు. ఎదురుగాలి లేదు,
ముందు రాత్రి పెరుగన్నం తిని పెందలాడే పడుకున్నాను, అంతే.
ఐదు దాటింది. ఏడు. తొమ్మిది దగ్గర
ఊపిరి చేపముల్లులా గొంతులో అడ్డం తిరిగింది,
తొడలు నావి కావు, అప్పు తెచ్చుకున్నవి.
పదకొండు.

పైన గాలి, రాళ్ళ గోడ, అవతల
నన్ను లెక్కచేయకుండా మేస్తున్న గొర్రెలు,
కింద ఊరంతా తడి పెంకులూ పొగగొట్టాలూ.
గొప్పగా ఏమీ అనిపించలేదు.
ఆకలేసింది.

దిగువకి వస్తూ, రెండు బ్రేకులూ బిగబట్టి,
ఐదో స్తంభం దగ్గర కిటికీ వైపు చూశాను.
అద్దం మీద వేలు పెట్టి,
గీయడానికేమీ లేక
అలాగే నిలబడి ఉన్నాడు.
మొహం కాస్త చిన్నబోయింది.

ఆగాను. సైకిలు దిగాను.
ఆయన వైపు చూపుడు వేలు ఎత్తి
మళ్ళీ ఎక్కాను.