మిగిలిన రాయి

పేరేచర్ల దాటాక రోడ్డుకి ఎడమచేతి వైపు
కొండను తినగా మిగిలిన ఎంగిలి మాది.
ఎకరం పాతిక సెంట్లు.
ఏడేళ్ల కూలి బాకీకి బదులు
క్వారీ ఓనరు నాన్న పేర రాసిచ్చాడు,
రాయి అయిపోయాక.

కాగితం చూసి మా మేనత్త అంది:
"గోడ ఇచ్చాడు, ఇల్లు మర్చిపోయాడు."

ఆ గోడ మీదే ఇప్పుడు దారులు వేస్తున్నాం.
అరవై అడుగులు, నిట్టనిలువు.
మూడు ఆదివారాలు సర్కారుతుమ్మ నరకడానికే పోయాయి,
నాలుగోది సీసాపెంకులు ఏరడానికి.
ఆటోనగర్ నుంచి నాగుల్ మీరా
లారీ టార్పాలిన్ తెచ్చి నీడ కట్టాడు.
ఒక పగులులో రక్తపింజర కనబడింది.
దాని పగులు దానికి వదిలేశాం.

నాన్న సమ్మెటతో వచ్చాడు.
రాతి మీద తట్టి, చెవి ఆనించి,
"నిండురాయి పలుకుతుంది,
గుల్లరాయి దగ్గుతుంది" అని చెప్తూ
తనే దగ్గాడు, చాలాసేపు.
సుద్దముక్క పట్టుకుని పిల్లలు ఆగారు.
దగ్గు తగ్గాక ఆయన చూపినచోటల్లా
గుల్లకి అడ్డగీత, నిండుకి చుక్క.

నేను భువనగిరిలో పదిరోజులు నేర్చుకున్నదాన్ని.
పగ్గానికి ఎనిమిది ముడి, నడుముకి పట్టీ,
కింద నిలబడి తాడు వదిలే చెయ్యి
ఫోను ముట్టకూడదు, ఈగను కూడా తోలకూడదు.
బోల్టుకి మొదటి బెజ్జం పెడదామని
డ్రిల్లు మీట నొక్కానో లేదో
నాన్న పరుగెత్తాడు,
రెండు చేతులూ చెవుల మీద,
ఎర్రజెండా ఎటు ఉందో వెతుక్కుంటూ.
కానుగ చెట్టు దాటాక గుర్తొచ్చింది కాబోలు
అక్కడే కూర్చుని బీడీ ముట్టించాడు.
ఎవరం నవ్వలేదు.

కింద పరుపులు కొనే స్థోమత లేదు.
మిరపయార్డు నుంచి ఖాళీ గోతాలు,
స్పిన్నింగు మిల్లు నుంచి పత్తి చెత్త.
ఎంత దులిపినా ఘాటు పోలేదు.
ఒకరు పడితే పదిమంది తుమ్ముతాం.
చేతులకి ముగ్గుపిండి రాసుకొచ్చిన జ్యోత్స్నకి
వేళ్లు మండి, రెండో రోజు
అసలు పొడి కోసం అందరం తలా యాభై వేశాం.

తూర్పుమూల మాత్రం బోల్టు లేదు.
పేలదనుకున్న మందు పేలినప్పుడు
శౌరి అక్కడే ఉన్నాడు.
రాయి మంచిదే, పలుకుతుంది.
అయినా వద్దన్నాడు నాన్న.

క్రషర్ తాలూకు మనిషి కారు ఆపి అడిగాడు:
"ఇంత కష్టపడి ఎక్కి ఏం చేస్తారమ్మా?"
"దిగుతామండి."
కాసేపు చూశాడు. అద్దం ఎత్తుకున్నాడు.

గేటు తాళం ఇన్నాసమ్మ టీకొట్లో, మేకుకి.
నోటు పుస్తకంలో పేరు రాయాలి,
ముడి చూసినవాళ్లు పక్కన సంతకం పెట్టాలి.
వేలిముద్ర అయినా పరవాలేదు.
డబ్బు అడగం.
వచ్చినవాళ్లు ఒక తట్ట కంకర ఎత్తిపోయాలి, అంతే.
తెల్లవారి అయిదున్నర నుంచి ఎనిమిది దాకా.
ఎనిమిది దాటితే రాయి పెనం.

నిన్న జ్యోత్స్న నలభై అడుగుల మీద చిక్కుకుంది.
కాళ్లు కుట్టుమిషనులా వణుకుతున్నాయి.
చెయ్యి గోడంతా తడిమి తడిమి
ఒక సగం గొట్టంలాంటి గాడిలో ఆగింది.
నున్నగా, నిలువుగా, వేలు పట్టేంత.
పాత పేలుడు బెజ్జంలో
కొండకి అంటుకుని ఉండిపోయిన సగం.

"అక్కా, ఇది భలే ఉంది, ఎవరు చేశారు?"

నాన్న నీడలోంచి లేచి వచ్చాడు.
కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.
"ఎంత పొడుగుందే?"

"జానెడు, తాతా!"

"మూడడుగులు దించాను దాన్ని," అన్నాడు.
తాడు వదులవుతోందని నాకు సైగ చేసి,
"మిగతాది నరసరావుపేట రోడ్డులో ఉంది."