రోహిణి కార్తె షీల్డు

ముప్ఫయ్యో ఏటి సావనీరుకి
చరిత్ర రాసిమ్మన్నారు నన్ను.
ఐసు ఫ్యాక్టరీ గుమస్తాని కదా, లెక్కలుంటాయనుకున్నారు.
ఉన్నాయండి. లారీ నంబర్లు, దిమ్మల లెక్క,
అమ్మోనియా సిలిండర్ల బిల్లులు.
ఆట గురించి మాత్రం
తడిసి అంటుకుపోయిన నాలుగు కాగితాలు.

మొదటి ఏడుని ఎవరూ మొదటి ఏడనుకోలేదు.
లారీల సమ్మె. నరసాపురం రేవులో పీతలు కుళ్ళుతున్నాయి,
దిమ్మ కొనే నాథుడు లేడు,
బయట రోళ్ళు పగిలే ఎండ.
కొల్లాటి మరిడయ్య, బళ్ళ ఏసోబు
గోలీసోడా పందెం కాశారు:
గచ్చు మీద పావు దిమ్మ తోస్తే
బొగ్గుతో గీసిన సున్నాలో ఎవరిది ఆగుతుందో.
మరిడయ్యది తిన్నగా తూములోకి పోయింది.
ఏసోబుది సున్నా అంచున ఆగి
మేం చూస్తుండగానే కరగడం మొదలెట్టింది.
"నీళ్ళు లోపలికెళ్ళాయి, నాదే గెలుపు" అన్నాడు.
ఆ తగువులోంచే పుట్టింది మా మొదటి నిబంధన:
నీళ్ళు లెక్కకి రావు.

చీపురు ఎప్పుడొచ్చిందో రూఢిగా చెప్పలేను.
ఊక పొట్టు ఒక్కటడ్డొచ్చినా దిమ్మ మొహం తిప్పేస్తుంది,
ముందు పరిగెడుతూ ఊడ్చే మనిషి కావలసొచ్చాడు.
కొబ్బరీనెల చీపురు, కట్టు బిగించి, కొసలు కత్తిరించి.
గట్టిగా ఊడిస్తే దూరం పోతుందనీ
ఆపేస్తే వంకర తిరుగుతుందనీ
పాలకొల్లు జట్టు కనిపెట్టింది.
ఎందుకో వాళ్ళకీ తెలీదు, మాకూ తెలీదు.

తర్వాత వరిచేలు చెరువులయ్యాయి.
రొయ్యల మేత కంపెనీ పదివేలు పెట్టింది,
పందిరికి వాడి పేరు, బనియన్లకి వాడి పేరు.
కాకినాడ నుంచి కూలికి ఆడేవాళ్ళు దిగారు:
రానూపోనూ చార్జీలు, పూటకి బిరియానీ, గెలిస్తే సగం.
మోకాళ్ళకి సైకిల్ ట్యూబు చుట్టుకుని
ఓలేటి ధనకోటి ఆరేళ్ళు ఇదే ఉద్యోగం చేశాడు,
ఇద్దరు చెల్లెళ్ళ చదువు దిమ్మ తోసే నడిపాడు.

తెల్లమచ్చ రోగం వచ్చిన ఏడు
మేత కంపెనీ ఫోనెత్తలేదు. బహుమతి ఒక బస్తా బియ్యం.
తుపాను నవంబరులో వచ్చింది.
ఆ నెల దిమ్మలు దేనికి పంపామో
లెక్కపుస్తకంలో ఉంది, ఇక్కడ రాయను.
మళ్ళీ రోహిణి కార్తెకి కప్పు లేదు.
ఎండలోనే ఆడాం,
సున్నా చేరేసరికి దిమ్మ సగం.

ఆ ఏడే కాటూరి మణెమ్మ వచ్చింది,
తలలు తీసే షెడ్డులోంచి, చేతులింకా రొయ్య వాసనతోనే.
ఊడ్చేవాడు తాగి పడిపోయాడని ఏసోబు పిలిచాడు.
ఆడమనిషి చెల్లదంది యానాం జట్టు.
"రోజూ ఈ గచ్చు ఊడ్చేదెవరు మరి?" అన్నాడు ఏసోబు.
ఆఖరి దిమ్మ. అందరూ ఊడ్చు ఊడ్చు అని అరుపులు.
ఆవిడ చీపురు భుజాన పెట్టుకుని
పక్కన నడిచింది, అంతే.
దిమ్మ బద్ధకంగా ఒళ్ళు తిప్పి
సున్నా మధ్యలో కూర్చుంది.
అడిగితే, "అడుగున చప్పుడు విన్నానండి,
దానికి చాలినంత తడుంది" అంది.

చాలా ఏళ్ళకి, ఓ చలికాలం రాత్రి
టీకొట్టు టీవీలో ఎక్కడో మంచుదేశం.
"ఓరి, మనాట!" అని లేచాడు మరిడయ్య.
కాసేపు చూసి, "వాళ్ళది కరగట్లేదేంట్రా?"
గ్రానైటు రాయంట.
"మరి అయిపోయాక ఏం చేస్తారు?"
దాచుకుంటారంట, వచ్చే ఏడుకి.
"పాపం" అని కూర్చున్నాడు.
మా దిమ్మ అయితే పోటీ కాగానే
గోనెసంచిలో బాది, సుగంధిలో వేసి
పిల్లలకి పోసేస్తాం,
తినే ఐసు కాదని గోడ మీద బోర్డున్నా.

సావనీరుకి ఫొటో కావాలన్నారు. ఒకటే ఉంది.
మణెమ్మ చీపురు, ఏసోబు మోచెయ్యి,
గచ్చు మీద పొడుగాటి తడి చార.
ప్రెస్సు కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు:
"ఇందులో ఆట ఎక్కడుందండీ?"