చిల్లుల కాగితం

ధర్మవరం తాలూకాఫీసు ముందర, రేకుల కింద,
దాదాఖలందర్ సాబు నూరు రూపాయల పత్రం
మిషన్లోకి ఎక్కించి కండ్లద్దాల మీదుగా చూసినాడు.
"లగ్గం ఇంకా తొమ్మిది దినాలుంది,
అప్పుడే పంపకాలా అక్కా?"

పంపకాలు కాదు సాబూ.
అచ్చు అతికేటప్పుడే ఏ పోగు యాడిదో చూసుకోకుంటే
నడుమ తెగినప్పుడు ఎవురిని అడగాల?

ముందు కాపురంలో అడగలేదు నేను.
కాన్పుకని గోరంట్లకు పోయి
మూడో నెల బిడ్డనెత్తుకుని వస్తే
మగ్గం లేదు. గుంత ఉంది.
"మనదే కదా, కుదవ పెట్టినా" అన్నాడు.
మన అనే మాట ఎంత లోతో
ఆ గుంతలోకి దిగి చూసినా.
రెండేండ్లు దాంట్లో ఎర్రగడ్డలు పోసుకున్న్యాం.

రాయి సాబూ.
శాంతినగర్ రేకులిల్లు, సెంటున్నర, నాది.
మగ్గాలు రెండు, జకార్డుతో సహా.
కమ్మలు మా అవ్వవి, నా తర్వాత నా కూతురివి.
సొసైటీలో పదకొండు వేలు...
చెప్తాంటే గొంతు ఎందుకో
దొంగసొత్తు లెక్కపెట్టినట్టు తగ్గిపోయింది.
పక్కన ఓబుళపతి
రంగుల కొట్టంలో ఊదా పట్టిన గోళ్లు గిల్లుకుంటాండాడు.
ఏమీ అనడే. అనకపోతే భయం, అంటే భయం.

"నాదీ రాయి సాబూ" అన్నాడు కడాకు.
"బత్తలపల్లి దావలో రెండెకరాల గట్టు,
మూడు బోర్లు, మూడూ ఎండువే.
బ్యాంకుకు లక్షా నలభై, మా బావకు ముప్పై.
ఈ అప్పు ఆమె గడప తొక్కకూడదు.
కింద గీత కొట్టు."
మిషన్ కొంచేపు ఆగింది.
అప్పుల్ని గూడా ఆస్తి మాదిరి
నాది నాది అని చెప్పుకునే మనిషిని
నేను చూడ్డం అదే మొదలు.

మగ్గం మీద సగం నేసిన పెండ్లిచీర
ఎవరి లెక్కలో వెయ్యాలన్నాడు సాబు.
రంగు ఆయప్పది. నేత నాది.
ఒకరి మొగం ఒకరు చూసుకున్న్యాం.
పట్టు ఇంకా షావుకారుదే, అప్పుకు తెచ్చింది.
ముగ్గురం నవ్వినాం.

సంతకాలయినాక సాబు గొంతు తగ్గించినాడు:
"దీనికి చిల్లులు శానా ఉండాయక్కా,
అనంతపురం కోర్టులో నిలిచేది నమ్మకం లేదు."

ఇంటికొచ్చి
పత్రాన్ని జకార్డు అట్టల నడుమ పెట్టినా.
వాటికీ అన్నీ చిల్లులే.
కాలు తొక్కితే
పువ్వు పడతాంది.