నాలుగో గడి

మార్చి ఆఖరి వారం. పైనుంచి టీము వస్తుందన్నారు,
నగరపాలక సంస్థ ఇళ్ల పథకానికి మార్కులు వేస్తారట.
నా చేతికిచ్చిన కాగితంలో
లక్ష్యం, మంజూరు, పూర్తి, నివాసం.
మూడు గడులు నీలి ఇంకుతో బుద్ధిగా నిండాయి.
నాలుగోది బోసినోరు తెరిచింది.

జక్కంపూడిలో మూడో అంతస్తు. తలుపుకి తాళం.
తాళం మీద సాలీడు ఒక్కటే
గృహప్రవేశం చేసినట్టుంది.

ఇల్లుగలామె మస్తాన్‌బీ
చిట్టినగర్ కొండ మీదే ఉంది.
నూట పదకొండు మెట్లెక్కి వెళ్తే
పిండి గిన్నె కడుగుతోంది.
"మార్కెట్లో మూడున్నరకల్లా ఇడ్లీ పొయ్యి ముట్టించాలి.
మీ బస్సు ఆరింటికి గదమ్మా మొదలయ్యేది!"
మీ బస్సు.
అది నాదెప్పుడైందో నాకు తెలీదు.

"ఒక్కరోజు వచ్చి కూచో" అన్నాను.

వచ్చింది. స్టవ్వు, చాప, రెండు గిన్నెలు,
మనవడి స్కూలు బ్యాగు కూడా.
అది నేను చెప్పలేదు, తనకే తోచింది.
పోపు పెట్టింది. ఆ గోడలకి మొదటిసారి
ఆవాల ఘాటు తగిలింది.
కళ్లజోడు సారు గుమ్మంలోంచే అడిగాడు:
"నీళ్లొస్తున్నాయా?"
"వస్తన్నాయి బాబూ."
పొద్దున్నే నేను మోయించిన బిందెలు రెండూ
మూల నిలబడి నా వైపు చూళ్లేదు.
ఫోటో. అక్షాంశం, రేఖాంశం. టిక్కు.

కిందికి దిగాక చెయ్యి చాపింది.
"ఆటోకి రానూపోనూ రెండొందల నలభై."
ఇచ్చాను.
దానికి గడి లేదు.

మేలో ఫలితాలు. మాకు ఏ గ్రేడు.
పెద్దసారుకి శాలువా,
మాకు తలా ఒక స్టీలు డబ్బా, మీద పథకం పేరు చెక్కి.

ఇప్పుడు ఆగస్టు. రాత్రి పదకొండు.
సాయంత్రం నుంచి వాన తెరిపివ్వలేదు.
కొండవార్డుల నుంచి జనాన్ని దించమని ఫోను.
రాళ్లు జారే చోట ఉన్నవాళ్ల జాబితా తెరిచాను.
ఒకటి నుంచి అరవై రెండు దాకా,
మళ్లీ కిందినుంచి పైకి.
మస్తాన్‌బీ లేదు.
ఎలా ఉంటుంది?
ఇల్లొచ్చినవాళ్ల పేర్లు కొట్టేసింది నేనే,
ఏప్రిల్లో, స్కేలు పెట్టి, గీత వంకరపోకుండా.

ఫోను స్విచాఫ్.
మూడున్నరకి లేవాలిగా, పడుకునుంటుంది.

మెట్ల మీద నీళ్లు నాకెదురు దిగుతున్నాయి.
చెప్పులు చేతపట్టుకుని
నలభై ఒకటి, నలభై రెండు.
టార్చి వెలుగులో ఎర్రమట్టి.
నలభై మూడు.