ఆరు పాయింట్ ఏడు

బ్రాడీపేట నాలుగో లైను మొదట్లో
గొడుగు కింద నా కొట్టు.
ఒక స్టూలు, ఒక అట్టపెట్టె, స్పిరిట్ తడిపిన గుడ్డ.
ఫోన్లకు అద్దాలు అంటిస్తాను.
ఊళ్ళో తెరలు ఎంత పెరిగాయో
ఈ అట్టపెట్టెనడగండి, చెబుతుంది.

అడుగున నాలుగంగుళాలవి,
వాటి మీద ఐదు, ఐదున్నర.
ఎవరూ అడగరు. పారేయబుద్ధి కాదు.
పైన మాత్రం రోజూ ఖాళీ అయ్యే వరస:
ఆరున్నర, ఆరు పాయింట్ ఏడు.
పక్క కొట్టు బ్రహ్మం
చొక్కా జేబుల్ని అంగుళం లోతు చేశాడు
ఎవరూ చెప్పకుండానే.
కాలేజీ పిల్లల వెనక జేబుల్లోంచి
సగం బయటికి తొంగిచూస్తూ పోతుంటాయి
నా రేపటి బేరాలు.

నిన్న మిట్టమధ్యాహ్నం
ముందు నాకు తుమ్మొచ్చింది,
తర్వాత సువార్తమ్మ వచ్చింది.
మిర్చి యార్డులో తొడిమలు తీసే మనిషి,
ఘాటు ఆమె కంటే నాలుగడుగులు ముందు నడుస్తుంది.
కొంగు చాటు నుంచి డబ్బా తీసి
స్టూలు మీద పెట్టింది, పసిబిడ్డను పెట్టినట్టు.

పదమూడు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది.
"ఆ రూపాయి చిల్లర ఇచ్చారా పిన్నీ?"
"చాక్లెట్టు చేతిలో పెట్టార్రా."
ముందు రెండు వేలు కట్టింది,
ఆపైన ఏడాదిపాటు నెలకు వెయ్యీ నూట యాభై.
ఆమె లెక్కలో అది రూపాయలు కాదు,
నూట పదిహేను కిలోల కాయ.

"ఇంత పెద్దది దేనికి? సినిమాలు చూస్తావా?
పాతది పర్సులో పట్టేది, పర్సు జాకెట్లో పట్టేది.
దీన్నెక్కడ పెడతావ్?"

"నెత్తిన పెట్టుకుంటాలే" అంది.
కాసేపాగి, తనే చెప్పింది.
మేస్త్రి సాయంత్రం కాటా చీటీ ఫొటో తీసి
అందరికీ పంపుతాడట.
పాత ఫోన్లో మూడూ ఎనిమిదీ
కవల పిల్లల్లా ఉండేవట.
ముప్ఫై ఎనిమిది కిలోలు ఒలిచిన రోజు
ముప్ఫై మూడంటే
ముప్ఫై మూడే కాబోలనుకుని ఇంటికెళ్ళిందట,
ఎన్ని రోజులో, ఆమెకే తెలీదు.

అద్దం అంటించాను. ఒక మూల బుడగ,
బుడగలో ఎర్రటి నలుసు.
తీసి మళ్ళీ వేస్తానంటే,
"ఉండనీరా, యార్డుకు పోతే ఎటూ పడేదే."

వేలిముద్ర పెట్టమన్నాను.
బొటనవేలు పెట్టింది.
మళ్ళీ ప్రయత్నించండి, అంది ఫోను, మర్యాదగా.
చూపుడువేలు. మళ్ళీ ప్రయత్నించండి.
ఇరవై ఏళ్ళ మిరప
వేళ్ళ మీది గీతలన్నీ నాకేసింది.
తెర ఎంత పెద్దదైతేనేం,
ఆమెను గుర్తుపట్టడానికి
దానికేమీ దొరకలేదు.
ఒక్కో వేలూ తుడుస్తూ, ఒత్తుతూ
తొమ్మిదయ్యాయి.
చివరికి ఎడమచేతి చిటికెనవేలు పెట్టింది.
తలుపు తెరుచుకున్నట్టు వెలుగు.

"తొడిమ తియ్యని వేలు ఇదొక్కటే" అని నవ్వింది,
"పనిదొంగనే పట్టుకుంది చూడు!"
ముఖం చేటంతయింది, తెరకు సరితూగేంత.

అప్పుడే కొత్త ఫోన్లో
మొన్నటి చీటీ తెరిచింది.
రెండు వేళ్ళు పెట్టి సాగదీసింది,
రొట్టె పిండి సాగదీసినట్టు,
అంకె అరచేతంత అయ్యేదాకా.
పెదాలు కదిలాయి.
నాకు వినపడలేదు.

డబ్బులిచ్చి, ఫోను ఎక్కడా పట్టక
చేతిలోనే పలకలా పట్టుకుని
యార్డు ఆటో ఎక్కింది.
చిటికెనవేలు మాత్రం
విడిగా, పైకి నిలబెట్టి ఉంది.

ఎండ మండిపోతోంది.
తెర తుడిచిన గుడ్డతోనే
మర్చిపోయి ముఖం తుడుచుకున్నాను.
రాత్రి దాకా కళ్ళు మంట.