తరఫున

ఫిషింగ్ హార్బర్ గేటు పక్క టీ బడ్డీలో
తడి బల్ల మీద పెట్టి చేశాను సంతకం.
"తూర్పు కెరటం సీఫుడ్స్ ప్రైవేట్ లిమిటెడ్ తరఫున"
కింద, దాడి వరహాలు.
అప్పటికది ఇంకా ఉత్త పేరు.
ఎక్కడో ఓ కంప్యూటర్‌లో
ఆమోదం కోసం వరసలో నిలబడి ఉంది.

రబ్బరు స్టాంపు మాత్రం ముందే వచ్చేసింది,
పూర్ణా మార్కెట్ సందులో నూట ఎనభై రూపాయలకి.
హైమ దాన్ని అరచేతి మీద గుద్దుకుని
"చూడు, పుట్టుమచ్చ" అంది.

రొయ్య ఆగదు కదా కాగితం కోసం.
సూరాడ ఎల్లాజీ ఫ్యాక్టరీ నుంచి
రోజుకి నలభై ఐసు దిమ్మలు, ఇరవై రెండు రోజులు.
గోనెపట్టాల కింద పొగలు కక్కుతూ వచ్చి
సాయంత్రానికి కాలవలో కలిసేవి.
ఐసు కరిగింది. దాని పని అదే.
బిల్లు కరగలేదు.

ఇరవై మూడో రోజున పుట్టింది కంపెనీ.
మాడుగుల హల్వా పంచాను.
ఎల్లాజీ రెండు ముక్కలు తీసుకుని
"పాత బిల్లు మీ పిల్లోడి పేర్న మార్చీమంటారేటి?" అన్నాడు.
మార్చెయ్యమన్నాను, నవ్వుతూ.
ఎవరం మార్చలేదు.

మొదటి బోర్డు సమావేశంలో
ఒకటో తీర్మానం బ్యాంకు ఖాతా,
రెండోది లోగోలో అల రంగు. దాని మీద గంటన్నర.
ఐసు మాట మూడోది కావాలి,
ఈలోగా బిర్యానీ వచ్చింది.

తర్వాత కొత్త డబ్బొచ్చింది, కొత్త కుర్చీలొచ్చాయి,
వాటిలో నాది లేదు.

కోర్టులో కంపెనీ వకీలు మెత్తగానే చెప్పాడు:
"ఆ తేదీకి మా క్లయింటు లేదండి.
లేనివాడు ఐసెలా కొంటాడు?"
హైమ ఫ్యాను వైపు చూస్తోంది.
ఎల్లాజీ వకీలు లేచి
"ఆలు లేదు, చూలు లేదు..." అని ఆపేశాడు.
మిగతా సగం గుమాస్తా మీసాల్లో నవ్వైంది.

తరఫు అంటే వైపు.
ఆ వైపు చూస్తే గోడ.
ఈ వైపు నేను,
జేబులో అదే పెన్ను, కొంచెం కక్కి
చొక్కాకి నీలం మరక.

తీర్పయ్యాక మెట్ల మీద ఎల్లాజీ ఆగాడు.
"నాను నిన్ను సూసి ఇచ్చినాను బావూ,
బోర్డు సూసి కాదు."
దెబ్బలా తగలాల్సిన మాట.
ఎందుకో వీపు నిటారైంది.

స్కూటీ అమ్మి మొదటి వాయిదా పట్టుకెళ్ళాను.
లోపల దిమ్మలు పగలగొడుతున్నారు, చెవులు హోరు.
ఎల్లాజీ రసీదు పుస్తకం తీశాడు.
ఎవరి పేర్న రాయాలని
ఈసారి అడగలేదు.