ఏడో నిబంధన

పెరంబూరు పేపర్ మిల్స్ రోడ్డులో
సైకిళ్ళ షాపు మీద మేడ.
పదహారు మోడెములు, పదహారు టెలిఫోను లైన్లు,
నాలుగు వందల పన్నెండు మంది చందాదార్లు.
లెక్క కుదరదని మొదటి రోజే తెలిసింది.
కుదరని చోటే కదా నిబంధనలు పుట్టేది.

పద్మనాభం గారు చెబుతుంటే రాసింది నేను,
ఇంగ్లీషులో, అరవంలో,
వెనక వీధి మనవాళ్ళ కోసం తెలుగులో.
కొన్న గంటలు ఆరు నెలల్లో వాడుకోవాలి.
వాడని గంటలు తిరిగి ఇవ్వబడవు.
"ఇవ్వబడవు" అని రాసి కాసేపు దానికేసి చూశాను.
ఎవరు ఇవ్వరో చెప్పని మాట.
ఆఫీసులన్నీ ఆ మాట చాటునే కూర్చుని ఉంటాయి.

వానకి లైను చెడితే పాపం టెలిఫోను శాఖది.
రాత్రి పదకొండు దాటితే సగం ధర.
ఒక పాస్‌వర్డు ఒక ఇంటికే
(అయనావరంలో ఒక మేడ మేడంతా ఒకే పేరుతో లోపలికొచ్చేది.
పాస్‌వర్డు ఇంటాయన కుక్క పేరు.
నాకెలా తెలుసని అడక్కండి).

ఏడోది మాత్రం నా సొంతం.
ఇరవై నిమిషాలు ఏ పనీ చేయకుంటే
లైను దానంతటదే తెగిపోతుంది.
బయట ఎవరో ఎంగేజ్ కూత వింటూ నిలబడి ఉంటారు,
కూర్చుని కునికేవాడు లేవాలి కదా.
న్యాయమే అనుకున్నాను.

జూన్‌లో చెంగల్రాయలు గారు మెట్లెక్కి వచ్చారు.
ఓటేరిలో పెళ్ళిపత్రికల ప్రెస్సు,
గోళ్ళ కింద పసుపురంగు సిరా.
మా రసీదులూ నిబంధనల కాగితాలూ అచ్చేసేది ఆయనే,
కూలికి బదులు గంటలు తీసుకునేవారు.
"ఊరూరికే తెంచేస్తా ఉండారేమ్మా."

రికార్డు తీశాను.
తొమ్మిదికి లోపలికి. తొమ్మిదీ ఇరవైకి తెగింది.
తొమ్మిదీ ఇరవై ఒకటికి మళ్ళీ లోపలికి.
రాత్రి ఎనిమిది దాకా ఇదే వరస.
ఒక్క పేజీ తెరవలేదు, ఒక్క ఉత్తరం పంపలేదు.

"ఏడో నిబంధన సార్. మీరే అచ్చేశారు."
"అచ్చేసినా. చదవలే."
"ఏం చూస్తారు రోజంతా?"
"ఏం చూడను. నాకు మౌసు పట్టనే రాదు."
నా వెనక మినుకుమంటున్న పచ్చదీపాలకేసి చూశారు.
"లైను మీ కాడుంటే
ఇంట్లో ఫోను మోగదు గదమ్మా."

మిషను మీద అప్పు. నాలుగు వాయిదాలు.
ఆయన ప్రెస్సులో ఉంటే ఫోనెత్తేది ఆవిడ.
వాళ్ళు ఆవిడతో ఏమంటారో చెప్పబోయి, మానుకుని,
"తొమ్మిది నించి ఎనిమిది దాకానే చేస్తారు,
ఆళ్ళకీ నిబంధనలుంటాయి గదా" అన్నారు.
టెలిఫోను బిల్లు మాటేమిటని నేనడగలేదు.
అది రెండు నెలలకోసారి కదా వచ్చేది.

పద్మనాభం గారు ఇంటికెళ్ళాక
ఆయన పేరు ఎదురుగా ఇరవై తీసేసి సున్నా పెట్టాను.
మా యంత్రం భాషలో సున్నా అంటే
ఎప్పటికీ తెంచొద్దని.

మర్నాటి నించి పదహారో దీపం పగలంతా ఆరలేదు.
మిగిలిన నాలుగు వందల పదకొండు మందికీ పదిహేనే.
"ఎప్పుడు చూసినా ఎంగేజే" అని తిట్టేవాళ్ళు.
మళ్ళీ ప్రయత్నించండి, అనేదాన్ని,
గొంతు వణక్కుండా.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం, రెండూ నలభైకి,
దీపం ఆరింది.
వాన లేదు. కరెంటు ఉంది.
రెండూ నలభై ఒకటి. నలభై ఐదు.
మూడు దాటాక ఆయన నంబరు తిప్పాను.

మోగింది.

ఇన్నాళ్ళలో ఆ ఇంట్లో ఫోను మోగించింది నేనేనేమో.
ఎత్తితే ఏం చెప్పాలో అనుకోలేదు.
ఆవిడ దాని ముందు నిలబడి ఉంటుందని తోచి
ఆరో మోతకి పెట్టేశాను.

ఆ లోపలే పదహారో దీపం వెలిగింది.
గబుక్కున చూశాను.
అయనావరం. కుక్క పేరు.